మా మాజీ గారి ఖండనలు

మొన్న ఆదివారం పొద్దున్నే అక్క ఫోన్ చేసి, "నాన్న వెళ్లిపోయార్రా" అంది.  ఆ వెంటనే ముక్కు చీదుకుని, "పేపరు వాళ్లు అప్పుడే నెట్లో రెండుసార్లు ఎమ్మెల్యే అని వేశారు చూశావా? గెలిచింది ఒక్కసారే కదరా! ఈ ఒక్క తప్పు మాత్రం నాన్న ఖండించేవారు కాదు" అంది. ఏడుస్తూనే నవ్వుకున్నాం.

ఆయన నాకు రక్తసంబంధీకులు కారు. అక్క కూడా సొంత అక్క కాదు. షార్జాలోని అల్ నహ్దాలో నేను బ్రహ్మచారుల ఫ్లాట్‌లో ఉండేవాణ్ని, పక్క ఫ్లాట్ వాళ్లది. ఇద్దరిదీ గోదావరి ప్రాంతమే అని తెలిశాక, ఒంటరి కుర్రాడు ఏం వండుకుంటాడులే అని శుక్రవారం భోజనానికి పిలిచి పిలిచి ఆవిడ నాకు అక్క అయిపోయింది. 2004 ఎన్నికల్లో ఓడిపోయిన వాళ్ల నాన్న కూతురి దగ్గరికి వచ్చేశారు. మా బిల్డింగ్‌లోని తెలుగువాళ్లందరికీ ఆయన 'మాజీ గారు'. ఎదురుగానే అలా పిలిచేవాళ్లం. "మాజీ అంటే వెటకారమా? ముందు ఎమ్మెల్యే అయితేగా మాజీ అయ్యేది! నువ్వు అవ్వు చూద్దాం" అనేవారు.

ఆయనకి ఒకటే వ్యసనం, ఖండించడం. లిఫ్ట్ ఆగిపోతే ఖండన, కుళాయిలో ఉప్పు నీళ్లొస్తే ఖండన. మా నాతూర్, అంటే బిల్డింగ్ కాపలా ఆయన, పెషావర్ మనిషి. మాజీ గారు అచ్చతెలుగులో ఉపన్యాసం దంచుతుంటే చేతులు కట్టుకుని విని, "ఖలాస్ సాబ్, కల్ హో జాయేగా" అని రేపటికి వాయిదా వేసేవాడు. "చూశావా, అధికారులు దిగొచ్చారు" అని మాజీ గారు నా వైపు గర్వంగా చూసేవారు.

పెద్ద విషయాల మీద ఖండనలు మాత్రం ఊరికి వెళ్లేవి. శుక్రవారం భోజనాలయ్యాక ఆయన సోఫాలో బాసింపట్టు వేసుకుని చెబుతుంటే నేను కంప్యూటర్లో తెలుగులో కొట్టి, వాళ్ల ఊరి విలేకరికి పంపేవాణ్ని. ఏదైనా ప్రకటన బెడిసికొడితే దానికీ ఆయన దగ్గర మందుండేది. "రాజకీయాల్లో రెండే వాక్యాలురా. తీవ్రంగా ఖండిస్తున్నాను, నా మాటల్ని వక్రీకరించారు. ఈ రెండూ నోరు తిరిగితే మంత్రి కూడా అయిపోవచ్చు" అనేవారు.

2005 వేసవిలో ఒక శుక్రవారం టీవీలో వార్త వచ్చింది. ఏదో దేశంలో మగవాళ్లు మగవాళ్లను, ఆడవాళ్లు ఆడవాళ్లను పెళ్లి చేసుకోవచ్చని చట్టం చేశారట. మాజీ గారు చెయ్యి కూడా సరిగ్గా కడుక్కోలేదు. "కంప్యూటర్ తియ్యి అబ్బాయ్" అన్నారు. "ఇలాంటి వికృత పోకడలు మన గడ్డ మీద అడుగుపెడితే చూస్తూ ఊరుకోం" అంటూ మొదలుపెట్టారు. నేను కొట్టాను. వికృత అన్న మాటని నా వేళ్లతోనే కొట్టాను.

ఆ మాట నా గురించేనని ఆయనకు తెలియదు. గోడవారగా కూర్చుని అక్కతో పులుసు బాగుందని చెబుతున్న నా స్నేహితుడి గురించని కూడా తెలియదు. అతను ఖోర్ ఫక్కాన్ పోర్టులో పనిచేసేవాడు. సెలవు రోజున వస్తూ మాజీ గారికి ఇష్టమని తాజా చేపలు తెచ్చేవాడు. "మా ఫిషరీస్ మంత్రి వచ్చాడే" అని ఆయన కేకేసేవారు. ఆ రోజు కిందికి దిగి కారెక్కాక మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. నాకు కోపం కన్నా భయం ఎక్కువేసింది. ఆ దేశంలో నాది అనుకోగలిగిన ఇల్లు అదొక్కటే. తెలిసిన రోజున ఆ గుమ్మం మూసుకుపోతుందని నాకు గట్టి నమ్మకం.

అలా రెండేళ్లు నెట్టుకొచ్చాను. ఈలోగా మా అమ్మ ఫోన్‌లో మాజీ గారి దగ్గర కన్నీళ్లు పెట్టుకుంది, వీడు పెళ్లి మాటెత్తితే తప్పించుకుంటున్నాడని. ఇంకేముంది, ఆయన రంగంలోకి దిగారు. తెలిసినవాళ్ల అమ్మాయిని చూశారు, వాళ్ల నాన్నకి మాటిచ్చారు, నాకు మాత్రం అన్నం తినేటప్పుడు చల్లగా చెప్పారు. "నేను హామీ ఇచ్చానురా. నా పరువు నీ చేతిలో ఉంది."

భోజనమయ్యాక పెరుగు కొనుక్కొద్దామని ఆయన్ని కారులో తీసుకెళ్లాను. కొట్టు ముందు ఆపి, స్టీరింగ్ వదలకుండానే చెప్పాను.

"ఆ అమ్మాయి గొంతు కొయ్యలేనండీ."

"ఎవరన్నా ఉన్నారా?"

"ఉన్నారు."

"ఎవర్రా? చెప్పు, మాట్లాడదాం. కులం వేరా?"

"మీ ఫిషరీస్ మంత్రేనండీ."

ఆయన కారు తలుపు తీశారు. "నువ్వు చెప్పలేదు. నేను వినలేదు" అని దిగి, ఎండలో నడుచుకుంటూ వెళ్లిపోయారు. ఆ తర్వాత కొన్ని శుక్రవారాలు పక్కింటి నుంచి పిలుపు రాలేదు. గోడకవతల కుక్కర్ కూతలు వింటూ నేను బ్రెడ్డు తిన్నాను. అయిపోయింది, అనుకున్నాను.

ఒక రోజు ఆయనే వచ్చి తలుపు కొట్టారు. లోపలికి రాలేదు. "మీ అమ్మకి ఫోన్ చేశాను. అడక్కుండా మాటిచ్చాను, తప్పు నాది, వాడి మీద ఒత్తిడి పెట్టకండమ్మా అని చెప్పాను. ఆ అమ్మాయి నాన్నకీ చెప్పాను. పద, అన్నం చల్లారిపోతోంది. వాణ్ని కూడా రమ్మను. మీ సంగతి మీ గదిలో ఉంచుకోండి. నా ముందు అన్నం తినండి, చాలు."

ఊపిరొచ్చినట్టయి, "ఇది ఏ పార్టీ లైనండీ?" అన్నాను.

"ప్రస్తుతానికి సంకీర్ణంరా. సర్దుకుపో."

ఆయన పార్టీలు కూడా మారినవారే. ఆ మాటెత్తి ఏడిపిస్తే, "పార్టీ మారడానికి కండువా మారిస్తే చాలురా. లోపలిది మారాలంటే చాలా తిరగాలి" అనేవారు.

2008లో మళ్లీ టికెట్ వస్తుందని ఎవరో ఆశపెడితే ఊరెళ్లారు. అక్కడ విలేకరుల సమావేశంలో ఒకాయన ఆ పాత ప్రకటన తీసి, "అప్పట్లో మీ మాటల్ని వక్రీకరించారా?" అని తప్పుకునే దారి కూడా తనే చూపించాడట. ఏమన్నారో అక్క కంప్యూటర్లో ఊరి పేపర్ తెరిచి నాకు చదివి వినిపించింది. "ఎవరూ వక్రీకరించలేదు. ఉన్నది ఉన్నట్టే వేశారు. ఆ మాటలు నావే, తప్పుడు మాటలు. నన్ను నేనే ఖండించుకుంటున్నాను. వాళ్లు మన పిల్లలే. రేపు చట్టమొచ్చి పెళ్లి చేసుకుంటే నేను పందిట్లో ముందు కుర్చీలో కూర్చుంటాను." అక్కకీ అప్పటికి మా సంగతి తెలుసు, చివరి వాక్యం రెండుసార్లు చదివింది. నేను బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

టికెట్ వేరేవాళ్లకి పోయింది. తిరిగొచ్చినప్పుడు, నా వల్లేనా అని అడిగాను.

"అంత లేదులే! అది కులం లెక్కల్లో పోయింది. నువ్వేమన్నా అంత గొప్పోడివా?" అని కసిరారు. పెట్టె తాళం తీస్తూ, "వక్రీకరించారు అన్న మాట నోటిదాకా వచ్చిందిరా. అది కొట్టింది నువ్వని గుర్తొచ్చింది. నీ మీదకి ఎలా తొయ్యను?" అన్నారు.

ఆ శుక్రవారం భోజనాలయ్యాక మమ్మల్నిద్దరినీ సోఫాలో పక్కపక్కన కూర్చోమన్నారు. అక్క లోపలి నుంచి పళ్లెం తెచ్చింది. తమలపాకులు, అరటిపళ్లు, రెండు జరీ పంచెలు. కొత్తగా పెళ్లయినవాళ్లని భోజనానికి పిలిస్తే బొట్టు పెట్టి, బట్టలు పెట్టి పంపడం మనకి ఆనవాయితీ. "చట్టం వచ్చేదాకా నేనుంటానో లేదో" అన్నారాయన.

అక్క కుంకుమ భరిణె తీసి ఆగిపోయింది. "ముందు అమ్మాయికి పెడతాం కదా నాన్నా. ఇప్పుడు ముందెవరికి పెట్టను?"

మాజీ గారు భరిణె ఇమ్మని తీసుకుని, రెండు చేతుల ఉంగరం వేళ్లూ కుంకుమలో ముంచి, ముందుకు వంగి మా ఇద్దరి నుదుటి మీదా ఒకేసారి బొట్టు పెట్టారు. కుడిచేతిది అతనికి గుండ్రంగా కుదిరింది. ఎడమచెయ్యి అలవాటు లేదు కదా, నాది కనుబొమ్మ దాకా వంకరగా జారింది. తుడవబోతే, "ఉండనీ" అన్నారు.