ఎద్దుస్వామి పద్ధతిలో ఒక పెళ్ళి ఉత్తరం

ఆ వయసులో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. తొంభైల నడిమి రోజులవి. ఇరవై నాలుగేళ్ళు, చేతిలో బి.కాం., ఖతర్‌లో దుఖాన్ దగ్గర ఒక కాంట్రాక్టు కంపెనీ క్యాంపులో అసిస్టెంట్ స్టోర్ కీపర్ ఉద్యోగం. (నిజామాబాద్ దగ్గర మా ఊళ్ళో మాత్రం నేను దుబాయ్‌లో ఆఫీసర్ని. ఖతర్ వేరే దేశమని మా అమ్మకు మూడు ఉత్తరాలు రాశాను. "దుబాయ్‌లనే ఖతర్ అని ఒక తావు ఉన్నదట" అని ఆవిడ ఊరందరికీ సర్దిచెప్పింది.)

మా గదిలో రెండో మంచం ఫాదర్ బాబాయ్‌ది. గుంటూరు జిల్లా మనిషి, క్యాంపు బస్సు డ్రైవరు. కుర్రతనంలో చర్చి ఫాదర్ అవుదామని సెమినరీలో నాలుగేళ్ళు చదివి, మధ్యలో మానేసి, పెళ్ళి చేసుకుని ముగ్గురు పిల్లల్ని కన్నాడు. క్యాంపువాళ్ళు ఆ పేరు పెట్టింది అందుకే. చదువు వదిలేశాడు గానీ, ఆ చదువులో పరిచయమైన ఒక మనిషిని మాత్రం ఆయన వదల్లేదు. ఏడు వందల ఏళ్ళ కిందటి ఇటలీ సన్యాసి, గొప్ప తత్త్వవేత్త, పేరు థామస్. (మద్రాసులో కొండ ఉన్న థామస్ కాదు, ఆయన వేరే.) బాబాయ్ మాత్రం ఆయన్ని ఎద్దుస్వామి అనేవాడు. శుక్రవారం సెలవు పూట చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటూ ఆ కథ చెప్పడం ఆయనకు అలవాటు.

"జమీందారు బిడ్డ అబ్బాయ్! అడుక్కు తినే సన్నాసుల్లో కలుస్తానన్నాడని సొంత అన్నలే పట్టుకొచ్చి కోటలో ఏడాది పాటు బంధించారు. మారాడా? మారలా. భారీ మనిషి, నోట్లోంచి మాట వచ్చేది కాదు. తోటోళ్ళు మూగ ఎద్దని ఎక్కిరించేవోళ్ళు. వాళ్ళ గురువు ఏమన్నాడో తెలుసా? ఈ ఎద్దు రంకె ఒకనాటికి లోకమంతా వినపడుద్దిరా అన్నాడు." ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి నవ్వేవాడు. "సెమినరీలో నన్ను కూడా ఎద్దనే పిలిచేవోళ్ళులే. నాకు రంకె రాలా. హారన్ కొట్టుకుంటన్నా."

అప్పుడు నా గొడవ వేరు. అంతకుముందు సెలవులో ఒక అమ్మాయిని చూసి వచ్చాను. బోధన్‌లో టీచరు. చూపుల్లో నేను గంటసేపు మాట్లాడితే తను రెండు మాటలు మాట్లాడింది, ఆ రెండింటికీ నేను పడిపోయాను. అవునని అనలేదు, కాదని అనలేదు, ఆలోచించి చెప్తానంది. నేను తిరిగి వచ్చి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాను. ఏసీ గది గురించి, రెండు క్యాసెట్ల టేపు రికార్డరు గురించి, సముద్రం గురించి. (సముద్రం మా గదికి ఆరు కిలోమీటర్లు. కిటికీలోంచి కనిపించేది నీళ్ళ ట్యాంకర్.) చివరికి మా చెల్లెలు రాసింది: "అన్నా, ఆమె ఏమన్నదో తెలుసా? ఉత్తరాల్లో ఏసీ ఉంది, టేపు రికార్డరు ఉంది, మీ అన్నయ్య ఎక్కడా లేడు అన్నది. ఇంకో సంబంధం కూడా చూస్తున్నరు."

నాకు అన్నం సహించలేదు. బాబాయ్ కనిపెట్టాడు.

"ఏంది అబ్బాయ్, మొహం అట్టా పెట్టావు?"

చెప్పాను. ఆయన వచ్చి నా మంచం అంచున కూర్చున్నాడు. "నువ్వు గొప్పలు రాస్తే ఆ పిల్ల అనుమానాలు ఎక్కడికి పోతయ్? మా ఎద్దుస్వామి పద్ధతి చెప్తా, విను. ఏ సంగతి తేల్చాలన్నా ముందు తనకు ఎదురు వాదన రాసేవాడు. ఎదుటోడు తనంతట తాను చెప్పుకునేదానికన్నా గట్టిగా రాసేవాడు. ఆ తరవాతే తన మాట. అప్పుడు వరసనే ఒక్కోదానికీ జవాబు."

"అంటే నా మీద నేనే రాసుకోవాల్నా బాబాయ్?"

"రాయి. మెత్తగా రాస్తే నేను ఒప్పుకోను."

నిజంగానే ఒప్పుకోలేదు. రెండుసార్లు చించేశాడు. "గురక పెడతానని రాశావు సరే, ఎంత పెడతావో రాయి. పక్కమంచం మీద పడుకునేవోణ్ణి, నాకు తెలవదా?" అని నిలదీశాడు. మొత్తానికి 'నన్ను ఎందుకు చేసుకోకూడదు' అన్న శీర్షిక కింద అయిదు తయారయ్యాయి. ఒకటి, రెండేళ్ళకోసారి ఇంటికొస్తాను. రెండు, ఆఫీసర్ని కాను, స్టోర్లో నట్లూ బోల్టులూ ఇచ్చేవాణ్ణి. మూడు, వంట రాదు. నాలుగు, గురక. అయిదు, నా హోదాకు ఫ్యామిలీ వీసా రాదు, కనుక మీరు ఉద్యోగం మాని మా ఊళ్ళో మా అమ్మ దగ్గర ఉండాల్సి వస్తుంది. రాస్తుంటే ఎంత బాగా కుదిరాయంటే, నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ తర్వాత వేరే కాగితాల మీద జవాబులు రాశాను, మూడు పేజీలు.

అప్పట్లో ఇంటికి ఉత్తరాలు పోస్టులో వేసేవాళ్ళం కాదు. క్యాంపులోంచి ఎవరు సెలవు మీద వెళ్తుంటే వాళ్ళ సంచిలో అందరి ఉత్తరాలూ వెళ్ళేవి. ఆ శుక్రవారం మధ్యాహ్నం జగిత్యాల ఎలక్ట్రీషియన్ వెళ్తున్నాడు, దోహా విమానాశ్రయానికి దింపేది బాబాయే. బయట హారన్ మోగుతోంది. "యల్లా అబ్బాయ్, యల్లా! విమానం నీకోసం ఆగదు!" కాగితాలు కవర్లో కుక్కి, అన్నం మెతుకులతో అంటించి, పరుగెత్తి ఇచ్చాను.

తిరిగొచ్చి చూస్తే టీ గ్లాసు కింద నా మూడు పేజీల జవాబులు.

లుంగీ ఎగగట్టి గేటుదాకా పరుగెత్తాను. పఠాన్ వాచ్‌మన్ చెయ్యి ఊపాడు. "బస్ గయా. ఖలాస్."

సాయంత్రం బాబాయ్ వచ్చాక చెప్పాను, దాదాపు ఏడుస్తూ. ఆయన మంచం మీద దొర్లి దొర్లి నవ్వాడు. నా మొహం చూసి ఆపేశాడు. నెమ్మదిగా అన్నాడు: "ఎద్దుస్వామిది కూడా పూర్తి కాలా అబ్బాయ్. అంత పెద్ద పుస్తకం రాస్తా రాస్తా, ఒకరోజు పూజ చేసి వచ్చి కలం పక్కన పెట్టేశాడు. నేను రాసిందంతా గడ్డిలాగా కనపడతంది అన్నాడంట. మళ్ళా ముట్టుకోలా." నన్ను ఓదారుస్తున్నాడో, తనను తాను ఓదార్చుకుంటున్నాడో నాకు తెలియలేదు. నాకైతే ఓదార్పు కలగలేదు. జవాబులు పంపడానికి సెలవు మీద వెళ్ళేవాళ్ళు ఇంకెవరూ లేరు. పోస్టులో వేద్దామంటే, అప్పటికే ఆలస్యమైందన్న భయం.

రెండు నెలలకు ఎలక్ట్రీషియన్ తిరిగొచ్చాడు. మామిడికాయ పచ్చడి డబ్బా ఇచ్చాడు, దాంతోపాటు నూనె మరక పడ్డ కవరు. వెనకవైపు ఆ అమ్మాయి పేరు! నేను కవర్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను. బాబాయే లాక్కుని, చింపి పైకి చదివాడు. నేను వేసిన అంకెలే వేసి, వరసగా జవాబులు రాసింది.

"ఒకటి, మా నాన్న రోజూ ఇంట్లోనే ఉంటారు, మాతో మాట్లాడేది తక్కువ. మీరు దూరం నుంచే ఎక్కువ చెప్పారు. రెండు, ఆఫీసరని మీ అమ్మగారు చెప్పారు, నట్లూ బోల్టులని మీరు చెప్పారు. నాకు మీరు చెప్పిందే నచ్చింది. మూడు, వంట నాకూ అంతంతే. నాలుగు, దుఖాన్ నుంచి బోధన్‌కు వినపడదు. అయిదు, నేను ఉద్యోగం మానను. దీనికి జవాబు మీరు రాయాలి."

బాబాయ్ కళ్ళద్దాలు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నాడు. "రంకె వినపడిందిరా అబ్బాయ్" అన్నాడు.

అయిదోదానికి ఆ పూటే 'మానొద్దు' అని రాశాను. అంతకన్నా ఏం రాయాలో తోచలేదు. పెళ్ళయ్యాక నాలుగేళ్ళు అక్కడే ఉండి, చివరికి నేనే బోధన్ వచ్చేశాను. బాబాయ్ పోయి చాలా ఏళ్ళయింది.

మొన్న ట్రంకుపెట్టె సర్దుతుంటే ఆ మూడు పేజీలు బయటపడ్డాయి, టీ గ్లాసు అడుగు మరకతో సహా. చదవనా అని అడిగాను. "అప్పుడే చేరి ఉంటే ఆ రెండో సంబంధమే చేసుకునేదాన్నేమో, లోపల పెట్టండి" అంది మా ఆవిడ, తలెత్తకుండా. ఒక్కణ్ణే కూర్చుని చదువుకున్నాను. ప్రతి వాక్యం 'నేను'తో మొదలవుతోంది. గడ్డే, ఉత్త గడ్డి. ఇరవై నాలుగేళ్ళ ఆ కుర్రాణ్ణి చూసి నవ్వొచ్చింది, కాస్త జాలి కూడా వేసింది. కాగితాలు మడిచి మళ్ళీ పెట్టెలోనే పెట్టాను.