మూడో గైరుముల్కీ

నాంపల్లి స్టేషన్లో ఏడుంబావు బండికి నేను ఆరింటికే వెళ్ళి కూర్చున్నాను. కూర్చున్నాననడం అబద్ధం. ప్లాట్‌ఫారం మీద ఈ కొస నుంచి ఆ కొసకు ఇరవైసార్లు నడిచాను. ఇరవై కూడా కాదు, ఎనిమిది. అరవై ఎనిమిదేళ్ళ కాళ్ళు అంతకన్నా ఒప్పుకోవు. కానీ ఆ రోజు అవి ఊరికే ఉండటానికీ ఒప్పుకోలేదు.

కారణం నా జేబులో ఉన్న ఉత్తరం. నారాయణఖేడు మిషన్ బడి డ్రిల్లు మాస్టరు డేవిడు రాశాడు. "రెఫరీ సాబ్‌కు సలాములు. ఖేడు, జహీరాబాదు, కల్హేరు, బీదరు నాలుగు ఊళ్ళ ఫుట్‌బాల్ లీగులో ఆఖరి ఆట శనివారం మాకూ బీదరుకూ ఉంది. ఒక తకరారు వచ్చింది. తమరు వచ్చి తకరారు తెంపాలి, ఈల ఊదాలి."

రెఫరీ సాబ్ అంటే నేనే. నిరుడు సికింద్రాబాదు కంటోన్మెంటు మైదానంలో ఈ డేవిడు నా పక్కన కూర్చుని ఆట చూశాడు. ఇరవై రెండేళ్ళు తెల్ల సిపాయిల ఆటలకు ఈల ఊదానని, ఒకసారి తప్పు ఆడిన కెప్టెన్ను బయటికి పంపితే అతను నాకు సలాము కొట్టి మరీ వెళ్ళాడని చెప్పాను. ఈ కథ మొదట్లో అతను మామూలు సిపాయే. చెప్పగా చెప్పగా కెప్టెనయ్యాడు. సలాము ఈ మధ్యే చేరింది.

మూడో తరగతిలో కిటికీ పక్క చోటు దొరికింది. శంకరపల్లికల్లా మూడుసార్లు చోటు మార్చాను. ఎదుటి పత్తి దలాలీ ఆయన విసుక్కున్నాడు. "కూసో రాదు తాతా, బండి నువ్వు నడిపిస్తున్నవా ఏంది?" వికారాబాదులో బండి మారాలి. అక్కడ రెండో బండి గంట ఆలస్యం. ఈ దారిన వెళ్ళేవాళ్ళు అక్కడే తినేయడం మంచిది, తర్వాత జహీరాబాదుదాకా చాయ్ తప్ప ఏమీ దొరకదు. నేను తినలేదు. తకరారు ఏమిటో డేవిడు రాయలేదు కదా, దాన్ని గురించి ఆలోచిస్తూ ప్లాట్‌ఫారం కొలిచాను.

పన్నెండున్నరకు జహీరాబాదులో దిగి, ఒంటిగంట మోటారు బస్సు పట్టుకున్నాను. నా పక్కన నలభై ఐదేళ్ళ మనిషి, ఒళ్ళో చిన్న మూట. ఊరు కంగ్టి అట. పేరు శాంతమ్మ. నేను ఖేడుకు ఫుట్‌బాల్ పంచాయితీ తెంపడానికి వెళ్తున్నానని ఆమె అడగకముందే చెప్పాను. ఆమె మూట పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"నువ్వేనా పెద్దయ్యా ఆ పట్నం రెఫరీవి? నా కొడుకు ఏసుదాసు ఖేడుల ఆడుతడు. వాణ్ణి గైరు కింద రాసిండ్రంట. ఆడనియ్యరంట."

"గైరా?"

"గైరు హాజరు! బడిల రాస్తరు గద. వాడు దినాం పోతుండె పెద్దయ్యా. నాలుగేండ్ల సంది ఒక్క నాగా లే. మొన్న రెండు దినాలు జరమొచ్చి మా తమ్మునింట్ల, గీ జహీరాబాదుల పండిండు. గంతే. అందుకే దవాఖానకు పోయి చిట్టీ రాయించుకొస్తున్న." కొంగు ముడి విప్పి, నాలుగు మడతల కాగితం చూపించింది.

నాకు విషయం అప్పుడే అర్థమైంది. గైరు అంటే హాజరు కాని గైరు కాదు, ముల్కీ కాని గైరు. నిజాం రాజ్యంలో పుట్టినవాడు ముల్కీ, బయటివాడు గైరుముల్కీ. పట్నంలో నౌకరీ దగ్గర ఇదే మాట, బడి దగ్గర ఇదే మాట. ఇప్పుడు బంతి దగ్గరికీ వచ్చిందన్నమాట.

"మీ వాడు పుట్టింది ఎక్కడ?" అన్నాను.

"షోలాపురం. మిల్లు పనికి పోయినప్పుడు ఆడనే పుట్టిండు. రెండేండ్లకు మల్ల వచ్చినం. మా ఆయన ఆ నూలు దుమ్ముకు దగ్గి దగ్గి సచ్చిండు." ఆమె కాగితం మళ్ళీ మడిచింది. "రేపు ఆట సూడనీకె పట్నం నుంచి ఒక సాబు వస్తుండట. మంచిగ ఆడినోనికి సర్కారు దఫ్తర్ల చప్రాసీ నౌకరీ ఇస్తరంట, ఆల్ల జట్టుల ఆడనీకె. రేపు ఆడకపోతె వాడు గుడ షోలాపురమే పోతడు. ఇగ నువ్వే జెప్పాలె."

షోలాపురం ఇంగ్రేజు రాజ్యం. అంటే కుర్రవాడు కచ్చితంగా గైరుముల్కీ. ఆమెకు ఆ మాట అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. కెప్టెను కథ చెప్పాను, సలాముతో సహా.

మంజీర దగ్గర బస్సు ఆగింది. నీళ్ళు మోకాలి లోతు. ప్రయాణికులు దిగి నడిచి దాటితే ఖాళీ బస్సు వెనక వస్తుంది, అదీ పద్ధతి. చెప్పులు చేతిలో పట్టుకోండి, పంచె పైకి కట్టండి. శాంతమ్మ చిట్టీని నోట పట్టుకుని దాటింది.

నాలుగున్నరకు నారాయణఖేడు. ముసాఫిర్‌ఖానాలో మంచం ఇచ్చారు. మంచం బాగుంది, దాని మీద కూర్చున్నది మాత్రం చెప్పులు తొడుక్కున్నంతసేపే. హోటల్లో జొన్నరొట్టె, కందిపప్పు, పచ్చి ఉల్లిగడ్డ. అయిదు గంటలకు బడి వరండాలో పంచాయితీ.

ఖేడు జట్టు పెద్ద మాణిక్ పటేల్, భూములున్న మనిషి. ఇంగ్రేజు ఏలుబడిలో ఉన్న సికింద్రాబాదు కంటోన్మెంటు నుంచి ఇద్దరు ఆటగాళ్ళను పిలిపించాడు. వాళ్ళు గురువారమే దిగారు, వరండా చివర బీడీలు కాలుస్తూ నిలబడ్డారు. బీదరు జట్టు మేనేజరు రహీం సాబ్ సన్నగా, పొడుగ్గా, చేతిలో నియమాల కాగితంతో కూర్చున్నాడు. "ఒక జట్టులో గైరుముల్కీలు ఇద్దరికి మించరాదు. సికింద్రాబాదోళ్ళు ఇద్దరు, ఏసుదాసు మూడు. ఒకడు బయట కూసోవాలె."

"అయితె ఏసుదాసు కూసుంటడు, గంతే గద," అన్నాడు పటేల్. "ఇద్దర్ని అంత దూరంకెళ్ళి తెప్పించిన, కూసోబెట్టనీకెనా?"

నేను పెద్దరికంగా గొంతు సవరించుకుని అడిగాను. "అసలీ హద్దు ఎవరు పెట్టారు?"

డేవిడు తల దించుకున్నాడు. "నేనే సాబ్. నిరుడు జహీరాబాదోళ్ళు ఎనిమిది మందిని బయటకెళ్ళి తెచ్చి గెలిచిండ్రు. ఆ ఊరి పోరగాళ్ళు నీళ్ళు మోసిండ్రు. ఇట్లనే ఇడిస్తె మన ఏసుదాసు అసుంటోళ్ళకు బంతి ముట్టే నసీబు ఉండదని నేనే రాసిన. వానికోసం రాసిన కాయితం వాన్నే పట్టె."

"కాయితం లేకుంటె వచ్చే ఏడు పదకొండు మందిని పట్నంకెళ్ళి తెస్తడు పటేల్," అన్నాడు రహీం సాబ్. "మేమూ తెస్తం. అప్పుడు గిది ఖేడు బీదరు ఆట ఎట్లయితది?"

"జనం మంచి ఆట సూడనీకె వస్తరు సాబ్, పుట్టుక సూడనీకె గాదు," అన్నాడు పటేల్.

ఇద్దరూ నిజమే చెప్తున్నారు. అదే నా ఇబ్బంది. అందరూ నా వైపు చూస్తున్నారు. లేచి వరండా ఇటు నుంచి అటు నడిచాను. ఏసుదాసు స్తంభానికి ఆనుకుని ఉన్నాడు, ఇరవై ఏళ్ళవాడు, వట్టి కాళ్ళు. అతని వెనక నుంచి శాంతమ్మ ముందుకొచ్చి చిట్టీ నా చేతిలో పెట్టింది.

"చదువు పెద్దయ్యా. జరమని రాసిండు డాక్టరు. రెండే దినాలు. నా కొడుకు గైరు గాదు."

వరండా అంతా ఒక్కసారి నవ్వింది. సికింద్రాబాదు వాళ్ళూ నవ్వారు. "అవ్వా, అది గైర్ హాజర్ కాదు," అని రహీం సాబ్ మొదలుపెట్టి, ఆమె ముఖం చూసి ఆపేశాడు. బస్సులో నేను ఆపి చెప్పి ఉంటే ఆ నవ్వు ఆమె మీద పడేది కాదు. అది నా తప్పు, రాసి ఒప్పుకుంటున్నాను.

ఆ సిగ్గులోంచే నాకు మాట దొరికింది. "నవ్వకండి. ఈమె సరిగ్గానే విన్నది. రహీం సాబ్, మీ కాగితంలో గైరుముల్కీ అంటే ఎవరో రాశారా?"

అతను కాగితం తిరగేశాడు. రాయలేదు.

"అయితే పుట్టుక లెక్క ఎందుకు? హాజరు లెక్క చూద్దాం. ఈ వానాకాలం నుంచి ఈ మైదానంలో ఎవరు హాజరు, ఎవరు గైరు? డేవిడూ, పట్టీ తే."

డేవిడు పరుగున వెళ్ళి హాజరు పట్టీ తెచ్చాడు. సాధనకు వచ్చినవాళ్ళ పేర్లు రోజూ రాసేవాడట. ఏసుదాసు పేరు ముందు నాలుగేళ్ళ గీతలు వరసగా ఉన్నాయి. రెండు చోట్ల సున్నాలు. ఆ రెండు రోజులకే దవాఖాన చిట్టీ. సికింద్రాబాదు వాళ్ళ పేర్లు పట్టీలోనే లేవు.

"గైరు ఇద్దరే," అన్నాను.

రహీం సాబ్ చాలాసేపు పట్టీ తిరగేశాడు. "గిదే లెక్క మాకూ వర్తిస్తదా?"

"తప్పకుండా."

"మాకు గుడ ఇద్దరు గైరుముల్కీలు ఉన్నరు, మూడోడు మా గోలు కాసెటోడు, షోలాపురంల పుట్టి బీదరుల పెరిగిండు. ఎవరన్న అడుగుతరేమోనని పొద్దటిసంది పరేషాన్ల ఉన్న." గడ్డం గోక్కున్నాడు. "మంజూర్. సాబ్, మరి మీరు? మీకెన్నేండ్ల హాజరు?"

"కంటోన్మెంటులో ఇరవై రెండేళ్ళు. ఒక్క నాగా లేదు." ఆ సాయంత్రం నేను చెప్పిన వాటిలో ఇంత నిజం ఇంకోటి లేదు.

శనివారం పొద్దున ఆరింటికి మైదానానికి వెళ్ళాను. నల్లరేగడి నేల, వెదురు గోలు స్తంభాలు. ఎవరో గీసిన సున్నం గీతలు వంకరటింకరగా ఉన్నాయి. నేను చూసి ఊరుకోలేకపోయాను. బకెట్టు తీసుకుని, తాడు పట్టి, మొత్తం చెరిపి మళ్ళీ గీశాను. మధ్యన వలయం గీసి తల ఎత్తితే రహీం సాబ్ గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"రెఫరీలకు సున్నం గింత నిమ్మళంగ కలపనీకె వస్తదా సాబ్?"

బకెట్టు కింద పెట్టాను. ఇరవై రెండేళ్ళు ఆ మైదానంలో నేను చేసింది ఇదే. గీతలు గీయడం, గీత బయట నిలబడి ఆట చూడటం. ఈల నేను ఊదినది ఒక్కసారే, అసలు రెఫరీ నీళ్ళు తాగుతుంటే, పిల్లల ఆటలో.

"నాగా లేదన్నరు గద," అన్నాడు రహీం సాబ్ లేస్తూ. "ఇరవై రెండేండ్లు గీత మీద నిలబడి సూసినోనికంటె ఎవనికెరుక ఆట కానూన్లు? నాలుగింటికి టైముకు రండి. ఈల మంచిగ ఊదుండ్రి."

నాలుగింటికి ఆట మొదలైంది. ఈల పళ్ళ మధ్య పట్టుకుని పరుగెత్తాను. సగం ఆటకు నా ఊపిరి మంజీర దాకా వెళ్ళొచ్చింది. ఖేడు ఓడింది, ఒకటికి రెండు. ఆ ఒకటీ ఏసుదాసు వట్టి కాలితో కొట్టినది. సికింద్రాబాదు వాళ్ళు బాగానే ఆడారు కానీ, ఎవరికి బంతి ఇవ్వాలో వాళ్ళకు తెలియలేదు.

పట్నం నుంచి వచ్చిన సాబు ఏసుదాసును పిలిచి, పేరు రాసుకుని, కలం ఆపాడు. "ముల్కీయేనా?"

మాణిక్ పటేల్ దగ్గాడు. నేను నేల చూశాను. శాంతమ్మ ముందుకొచ్చింది.

"ఒక్క నాగా లేదు సాబూ. రెండు దినాలు జరం."

సాబుకు ఏమీ అర్థం కాలేదు. డేవిడు పట్టీ తెరిచి చూపించాడు. సాబు పుటలు తిప్పాడు, తిప్పుతూ పోయాడు. "పుట్టుకతో నాకేం పని? పదిహేనేళ్ళుగా ఇక్కడ ఉంటే ముల్కీయే, దానికి కాగితం కావాలి. బడిలో చేరినప్పటి పట్టీ నకలు తీసుకుని సోమవారం పట్నం రమ్మనండి." శాంతమ్మ దవాఖాన చిట్టీ కూడా ఇచ్చింది. సాబు దాన్ని కూడా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆదివారం తిరుగు ప్రయాణం. ఎనిమిది గంటల బస్సు, మళ్ళీ మంజీర, మళ్ళీ జహీరాబాదు. నా ఎదురుగా ఏసుదాసు, ఒళ్ళో నకలు కాగితం. వాళ్ళమ్మ జహీరాబాదు స్టేషన్దాకా వచ్చి, బండి కదిలేదాకా నిలబడింది. నేను అటు ఇటు చోటు మారుతుంటే అతను నవ్వి, కిటికీ పక్కది నాకే వదిలాడు.

ఈ యాత్రలో నాకు తేలింది ఇంతే. గీత లేకుండా ఆట లేదు. రహీం సాబ్ చెప్పింది తప్పు కాదు. కానీ గీత గీసేవాడు వంగి గీస్తాడు, వంగినప్పుడు మొత్తం మైదానం కనబడదు. అందుకే మళ్ళీ మళ్ళీ లేచి చూసుకోవాలి, చెరిపి గీయాలి.

వికారాబాదులో ఎక్కిన పాసింజరు ఒకాయన అడిగాడు. "ఏం పని చేస్తుంటరు పెద్దమనిషీ?"

ఏసుదాసు నా వైపు చూశాడు.

"సున్నం గీతలు గీసేవాణ్ణి. కంటోన్మెంటు మైదానంలో, ఇరవై రెండేళ్ళు," అన్నాను.

చెప్పి, గుండె తేలికపడి, బుద్ధిగా కూర్చున్నాను. శంకరపల్లిదాకా అట్లాగే కూర్చున్నాను. ఆ తర్వాత ఆయన, తెల్లవాళ్ళు ఎట్లా ఆడతారని అడిగాడు. ఇంక ఆ కెప్టెన్ను ఆపుకోవడం నా వల్ల కాలేదు. ఈసారి అతను కల్నలు.