దాణా పెట్టె సప్పుడు

బేస్ గిటార్ వాయించే కుర్రాళ్లు ఇప్పుడు నా దగ్గరికి వచ్చి, "సార్, మంచి టోన్ రావాలంటే ఏ తీగలు వేయాలి, ఏ యాంప్లిఫయర్ కొనాలి?" అని అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. దుకాణంలో గోడ నిండా గిటార్లు వేలాడుతుంటాయి. ఒక్కోదాన్నీ ఒడిలో పెట్టుకుని గంటలకొద్దీ వాయించి, చివరికి నచ్చలేదని లేచి వచ్చేస్తారు. నాకా భాగ్యం ఎక్కడిది? నా టోన్ తేల్చింది నేను కాదు, మా ఆర్కెస్ట్రా మాస్టరూ కాదు. మా ఇంటి వెనక కొట్టంలో కట్టేసి ఉన్న బర్రెలు. నవ్వకండి. అవి గనక ఒప్పుకోకపోయి ఉంటే ఈపాటికి పాల క్యాన్లు మోసి మోసి నా నడుం వంగిపోయి ఉండేది.

మాది ఉప్పుగూడ. రైలు పోయినప్పుడల్లా గూట్లో గిన్నెలు గలగలమనే ఇల్లు. తాత కాలం నుంచీ పాల వ్యాపారం. బాపు సైకిల్‌కి క్యాన్లు కట్టుకుని దబీర్‌పురా దాకా పాలు పోసి వచ్చేవాడు. పిండడం మాత్రం అమ్మ పని. బాపు లెక్కలో లోకంలో ఉన్నవి రెండే రకాలు: పాలిచ్చేవి, పాలివ్వనివి. చదువు, సినిమా, ఎలక్షన్లు, నా గిటార్ అన్నీ రెండో రకంలోకే పోయేవి.

ఎనభైల మొదట్లో సంగతి. దబీర్‌పురాలో పెళ్లిళ్లకూ గణేశ్ మండపాలకూ వాయించే ఆర్కెస్ట్రా ఒకటి ఉండేది. దాన్ని నడిపే అకార్డియన్ ఆయన్ని అందరూ మాస్టర్ అనేవాళ్లు. నేను మామూలు గిటార్ పట్టుకుని ఆయన గుమ్మం ఎక్కాను. ఆయన నా వైపు సరిగ్గా చూడను కూడా లేదు.

"గిటార్ వాలే గల్లీకి నలుగురున్నరు భాయ్. నాకు బేస్ కావాలె. బేస్ తెస్తే వచ్చి నిలబడు. లేకుంటే సలాం."

జుమ్మేరాత్ బజార్‌లో, విరిగిన ఫ్యాన్లకూ తుప్పు పట్టిన ఇస్త్రీ పెట్టెలకూ మధ్య రెండు బేస్ గిటార్లు దొరికాయి. ఒకటి ఎర్రది, తళతళలాడుతోంది. రెండోది నల్లది, తలుపు చెక్కంత బరువు. నా కళ్లు ఎర్రదాని మీదే ఉన్నాయి. పాత సామాన్ల ముసలాయన అది కనిపెట్టాడు.

"ఎర్రది పట్టుకుంటే ఫోటో మంచిగొస్తది. నల్లది పట్టుకుంటే ఆవాజ్ వస్తది. నీకేం కావాలె, సోంచాయించుకో."

నిజం చెప్పాలంటే నాకు ఫోటోనే కావాలి. కానీ ఎర్రదాని మెడ విల్లులా వంగి ఉంది, ఎక్కడ నొక్కినా తీగ జుయ్‌మంటోంది. ఏడవలేక నల్లదాన్ని భుజానికెత్తుకున్నాను.

దానికి ఉన్నది ఒక్కటే తీగ. బేస్ తీగలు అప్పట్లో మన ఊళ్లో దొరికేవి కావు, ఎవరైనా బొంబాయి పోతే తెప్పించుకోవాలి. అందాకా స్కూటర్ క్లచ్ వైర్లు వేద్దామని మెకానిక్ దగ్గరికి పోయాను. ఏ బండికి అన్నాడు. గిటార్‌కి అన్నాను. ఆ బండి ఇంకా మా దుకాణానికి రాలేదు అన్నాడు. మొత్తానికి వైర్లు బిగించి మాస్టర్ ముందు నిలబడితే ఆయన తల ఊపాడు. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

ఇక యాంప్లిఫయర్. అందరి సప్పుళ్లూ కలిపి మైకుసెట్టు దుకాణం వాళ్ల మిషనులోకే పోయేవి. వెదురు బొంగులకు కట్టిన ఇనుప హారన్లలోంచి బయటికి వచ్చేవి. ఆ హారన్లు కీచు గొంతులకే పుట్టాయి. పాటామె గొంతు అందులోంచి మూడు బస్తీలు దాటి పోయేది. నా బేస్ అందులోకి పోయింది పోయినట్టే మాయమైపోయేది. ఒక సీజన్ మొత్తం వాయించాను. ఎవరికీ వినపడలేదు. తప్పు వాయించినా ఒకటే, ఒప్పు వాయించినా ఒకటే. ఒక పెళ్లిలో వాళ్లు ఒక పాట వాయిస్తుంటే నేను పొరపాటున దానికి ముందు పాట మొత్తం వాయించాను, జనం చప్పట్లు కొట్టారు. మాస్టర్‌కు ఈ సంగతి పట్టేది కాదు. స్టేజీ మీద బేస్ గిటార్ కనబడితే చాలు, పెద్ద ఆర్కెస్ట్రా కింద లెక్క.

ఒక పెళ్లికి బాపు వచ్చాడు. స్టేజీ ముందు నిలబడి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని చాలాసేపు విన్నాడు. భోజనం చేసి వెళ్లిపోయాడు. నేను ఇంటికొచ్చేసరికి అమ్మ అడుగుతోంది, ఎట్ల కొట్టిండు పిల్లగాడు అని.

"కొట్టుడా? పట్టుకొని నిలబడ్డడు. అందరు కొడుతుంటే వీడు గోక్కుంటుండు." నన్ను చూసి నా వైపు తిరిగాడు. "డోలు సప్పుడు ఇనబడ్డది. పాటామె గొంతు ఇనబడ్డది. ఆకరికి వంటాయన గంటె సప్పుడు గుడ ఇనబడ్డది. నీ సప్పుడేదిర?"

నేను భుజం మీంచి గిటార్ దించి గోడకు ఆనించాను.

"మిరుగం దాంక చూస్త. నీ సప్పుడు నా చెవులకు ఇనబడాలె. లేకుంటే గిటార్ అటక మీద పెట్టి సైకిల్ పట్టు."

మిరుగం అంటే మృగశిర కార్తె, ఎంతో దూరం లేదు. నాకు భయం వేసింది. సైకిలంటే భయం కాదు. బాపు అన్నది నిజమేనని భయం. నాకు కూడా నా సప్పుడు ఏనాడూ వినపడలేదు.

దబీర్‌పురాలో ఒక రేడియో మెకానిక్ ఉండేవాడు. పాత రేడియోగ్రామ్ వాల్వులతో నాకు ఒక యాంప్లిఫయర్ కట్టిపెట్టాడు. మూతపడ్డ టాకీస్‌లోంచి తెచ్చిన, అన్నం పళ్లెమంత స్పీకర్ ఒకటి చేతిలో పెట్టాడు. "దీన్ని ఖాళీగ పెడితే ఏం రాదు. మంచి కట్టె పెట్టెల బిగియ్యాలె. పెట్టె ఎంత గట్టిగుంటే ఆవాజ్ అంత లావుగుంటది" అన్నాడు.

గట్టి పెట్టె కోసం ఎక్కడెక్కడో చూసి, ఇంట్లోనే ఉన్నదాన్ని చివరికి చూశాను. కొట్టం పక్కన తాతనాటి టేకు పెట్టె. బర్రెల దాణా పెట్టె. తవుడూ పత్తిచెక్కా అందులోనే ఉండేవి. రెండు పూటలా పిండే ముందు అమ్మ దాని మూత ఎత్తి దాణా తీసి, మూత దబ్బున వదిలేది. ఆ దబ్ వినపడగానే బర్రెలన్నీ తలలు తిప్పేవి. ఇది పాలవాళ్ల ఇంట్లో పుట్టిన వాడికి తెలియాల్సిన సంగతి. నాకూ తెలుసు. కానీ అప్పుడు నా బుర్ర నిండా స్పీకరే ఉంది. మూత పగలగొట్టనని మాటిచ్చి అమ్మను ఒప్పించాను. ఆమె దాణాను రేకు డబ్బాలోకి మార్చింది. నేను పెట్టె ముందు వైపు గుండ్రంగా కోసి స్పీకర్ బిగించాను. ఎంత కడిగినా తవుడు వాసన మాత్రం పోలేదు.

అన్నీ కలిపి తయారయ్యేసరికి సాయంత్రం పిండే వేళ అయింది. అన్నింటికన్నా లావు తీగ మీద బొటనవేలు వేశాను. దబ్బ్‌మని లేచింది సప్పుడు. గూట్లో గిన్నెలు కదిలాయి, రైలు రాకుండానే. కొట్టంలో తలలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి.

అమ్మ కేక పెట్టింది. "ఓరి నీ పాడుగాను! సేపిందిరా!"

చేపడం అంటే బర్రె మనసు కరిగి పొదుగులోకి పాలు దింపడం. దూడ కుడిస్తేనో, దాణా ముందుంటేనో గానీ అది జరగదు. బర్రె మనసు కరిగించడం మా బాపు మనసు కరిగించడం కన్నా కొంచెమే తేలిక. అలాంటిది దాణా లేకుండా, దూడ లేకుండా, మా పెద్ద బర్రె ధారగా దింపేసింది.

అంతలో, ఎప్పుడో చెప్పి పెట్టిన బొంబాయి తీగలు వచ్చాయి. వెండిలా మెరుస్తున్నాయి. సంబరంగా ఎక్కించి గోటితో మీటాను. గణగణమంది. పెద్ద బర్రె వెనక కాలు ఝాడించింది, పాల బకెట్ బోర్లా పడింది.

"గా గణగణ నా కొట్టంల వద్దు," అంది అమ్మ. "పాతయే ఎక్కియ్."

పాత వైర్లు విప్పేటప్పుడే తెగిపోయాయి. అమ్మే ఉపాయం చెప్పింది. కొత్త తీగలకు పల్లినూనె రాసి, పైన తవుడు రుద్దాను. బొంబాయి నుంచి తెప్పించిన తీగలకు అంతటి మర్యాద ఎవరూ చేసి ఉండరు. మెరుపు చచ్చింది, గణగణ చచ్చింది. ఇక రోజూ పాఠమే. అమ్మ బర్రె డొక్కకు నొసలు ఆనించి పిండుతూ, "ఇంక జర మొద్దుగ కొట్టు... గోరు వద్దు... ఆఁ, గట్ల" అనేది. గోటితో కాక బొటనవేలి కండతో, గిటార్ మెడకు దగ్గరగా మీటడం నేను నేర్చుకున్నది అక్కడే. మాస్టర్ దగ్గర నేర్చుకున్నది నిలబడడం ఒక్కటే.

బాపు రెండు రోజులు గుమ్మంలో నిలబడి చూశాడు. పాలు పెరిగాయి. మూడో రోజు, "రోజు రెండు పూటల కొట్టు" అన్నాడు.

నా గుండె పొంగింది. "ఇనబడ్డదా బాపు?"

"బర్రెలకు ఇనబడ్డది గద."

"మరి ఆర్కెస్ట్రా?"

"పెట్టె ఇల్లు కదలది. పెట్టె పోతే పాలు పోతయ్."

ఆయన అన్నదీ నిజమే. రేకు డబ్బా మూత టంగుమంటే బర్రెలు లెక్కే చేయడం లేదు. ఇంత కష్టపడి నా సప్పుడు నేను సంపాదించుకుంటే, అది కొట్టానికి కట్టేసుకుని కూర్చుంది. పెళ్లిళ్లలో మళ్లీ హారన్ల కిందే నిలబడ్డాను. అద్దం ముందు మూగవాడి పాటలా, కనబడడమే తప్ప వినబడకుండా ఉండేది నా బతుకు. మాస్టర్‌కు పెట్టె సంగతి ఎవరో చేరవేశారు. "మీ బస్తీల పెళ్లి ఉన్నది. సౌండ్ తెస్తే రా. లేకుంటే ఇంకొకణ్ని నిలబెడుత" అన్నాడు.

ఆ పెళ్లి మా వెనక గల్లీలో, రైల్వే గుమాస్తా గారి అమ్మాయిది. గల్లీకి అడ్డంగా షామియానా. సాయంత్రం చాయ్‌కి పాలు మా ఇంటి నుంచే, బాపు మాటిచ్చాడు. నేను ముఖం వేలాడేసుకుని కూర్చుంటే అమ్మ చూడలేకపోయింది.

"పగటి లగ్గమే గద. మీ బాపు తిని పండుకుంటడు. తీస్కపో. పిండే ఏళకు తెచ్చి పెట్టు."

పెట్టెను తోపుడు బండి మీద వేసుకుని పోయాను. భోజనాలు కాగానే నాలుగు పాటలు, ఆ వెంటనే ఇల్లు. అంతా లెక్క ప్రకారమే ఉంది. లెక్కలో లేనిది పెళ్లికొడుకు మేనమామ. ఆయన్ని కూర్చోబెట్టిన కుర్చీకి చేతులు లేవట. అలిగాడు. బస్తీ అంతా వెతికి చేతులున్న కుర్చీ తెచ్చేదాకా తలంబ్రాలు ఆగిపోయాయి. భోజనాలు లేచేసరికి పిండే వేళ రానే వచ్చింది. పెట్టె తీసుకుని పోదామంటే మాస్టర్ అకార్డియన్ తగిలించుకుని నా వైపే చూస్తున్నాడు.

మీటాను.

షామియానా గుంజలు వణికాయి. ఆడవాళ్లు గుండెల మీద చేతులు వేసుకున్నారు. మాస్టర్ నోరు తెరిచి, తన పాట తాను మరిచి నన్ను చూశాడు. మనుషుల మధ్య నా సప్పుడు నేను వినడం అదే మొదటిసారి. ఏడుపొచ్చింది, సిగ్గు లేకుండా ఏడుస్తూనే వాయించాను.

రెండో పాటలో గల్లీ మూల మీద కొమ్ములు కనబడ్డాయి. పెద్ద బర్రె. తెగిన పలుపు ఈడ్చుకుంటూ వస్తోంది. దాని వెనక మిగతావి. ఎవరినీ తాకకుండా కుర్చీల మధ్యగా పెద్దమనుషుల్లా నడిచి వచ్చి, నా పెట్టె ముందు వరసగా నిలబడి మెడలు చాచి వాసన చూశాయి. పొదుగుల్లోంచి పాలు చుక్కలు చుక్కలుగా తివాచీ మీద పడుతున్నాయి. మేనమామ చేతులున్న కుర్చీ మీదికి ఎక్కి నిలబడ్డాడు.

"యముని వాహనం! లగ్గం పందిట్లకు యముని వాహనం!" అని మగపెళ్లివారి ముసలమ్మ నెత్తి కొట్టుకుంది. వాయిద్యాలు ఆగిపోయాయి. పిల్ల తండ్రి ముఖంలో నెత్తురు లేదు.

అప్పుడే బాపు వగరుస్తూ వచ్చాడు, చేతిలో కట్టె. వెనక అమ్మ, చేతిలో బకెట్. నా పని అయిపోయిందనుకున్నాను. బాపు పెట్టెను చూశాడు, నన్ను చూశాడు, ముసలమ్మ వైపు తిరిగాడు.

"యమునిది దున్నపోతు, అవ్వా. ఇవి బర్రెలు. లగ్గం ఇంటికి పాలు నడిచొచ్చినయ్. ఇంతకన్న మంచి శకునం ఉంటదా?"

పొద్దుటి నుంచీ చాయ్ చుక్క దొరకని పంతులుగారు, "శుభం, శుభం" అని అక్షింతలు బర్రెల మీద కూడా చల్లేశారు.

అమ్మ అప్పటికే కొంగు బిగించి పెద్ద బర్రె పక్కన కూర్చుంది. నా సప్పుడు ఆగేసరికి పాలూ ఆగిపోయాయి. ఆమె నా వైపు చూసి గడ్డం ఎగరేసింది. బాపు స్టేజీ వైపు కట్టె ఊపాడు.

"ఏందిర ఆపినవ్? కొట్టు!"

కొట్టాను. బకెట్‌లో ధార సర్రుసర్రుమంది. మాస్టర్ మెల్లగా అకార్డియన్ అందుకున్నాడు. వంటాయన గిన్నె పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. చాయ్ పొయ్యి మీదికెక్కింది.

చాయ్ కప్పు చేతికి వచ్చాక మేనమామ కుర్చీ దిగాడు. బాపు పక్కన నిలబడి ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని అడిగాడు. "అన్నా, ఈ దబ్ దబ్ ఏందే? సీద దిల్‌కు తాకుతున్నది."

బాపు నా వైపు చూడలేదు. చాయ్ ఊదుకుని ఒక గుక్క తాగాడు. బర్రెల్ని అదిలించి అదిలించి పెరిగిన గొంతు ఆయనది, గల్లీ చివరిదాకా వినపడుతుంది.

"గదా? గది మావోని సప్పుడు."

నా బొటనవేలు తప్పు తీగ మీద పడింది. ఆ తప్పు పెళ్లిలో అందరికీ వినపడింది.