పద్నాలుగో నంబరుకు పలికిన గొంతు

యాభై ఏళ్ళు దాటింది. ఇంట్లో వాళ్ళకు చెప్పలేదు. దేవుడి ముందు నిలబడ్డప్పుడు కూడా మాట మార్చి ఇంకేదో మొక్కుకుని వచ్చేశాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఒక మనిషి చావు నా మీద ఉంది. ఇంకో మనిషి బతుకు కూడా.

అరవైల చివరి రోజులు. నేను భూగర్భశాస్త్రం చదువుతున్నాను. క్యాంపస్ పక్కనే అడిక్‌మెట్‌లో ఒక గదిలో నేనూ యాదగిరీ ఉండేవాళ్ళం. ఇద్దరం రైతుల పిల్లలమే. ఇద్దరికీ ఒకటే సబ్బు, ఒకటే గొడుగు. క్లాసులో వాడు పద్నాలుగో నంబరు, నేను పదిహేను. వాడు రాని రోజు వాడి హాజరు నేను పలికేవాణ్ణి, నేను రాని రోజు వాడు. తల వంచి, గొంతు కాస్త బొంగురు చేసి "ప్రెజెంట్ సార్" అంటే అయిపోయేది. క్యాంపస్‌లో అందరూ చేసేదే. తప్పని ఎవరనుకున్నారు?

ఒక మార్చి నెల శనివారం దేవదానం సార్ మమ్మల్ని కృష్ణా నది వైపు ఒక ఎండు లోయకు తీసుకుపోయారు. మా లెక్చరర్ ఆయన. గుంటూరు వైపు మనిషి, తార్నాకలో అద్దెకు ఉండేవారు. ఆదివారం చర్చికి పోవాలి కాబట్టి మా ప్రయాణాలన్నీ శనివారాలే, తెల్లారి పోయి సాయంత్రానికి వెనక్కి. ఆ లోయ చూసి నోరు తెరిచాను. నీటి చుక్క లేదు, పచ్చని ఆకు లేదు. రెండు వైపులా పొరలు పొరలుగా ఎర్రటి రాతి గోడలు. సుత్తులతో రాళ్ళు కొట్టి సంచుల్లో వేసుకుంటూ తలా ఒక దిక్కు పోయాం.

అంతకుముందు, మధ్యాహ్నం పులిహోర తింటున్నప్పుడు, యాదగిరి నా చెవిలో అన్నాడు. "మా అక్క ఊరు గీడికి నాలుగు మైళ్ళే రా. వీలైతే పోయి చూస్త. సార్‌కు చెప్తే పోనియ్యడు."

"పో రా. హాజరు నేను చూసుకుంట."

వీలైతే అన్నాడు. పోతానని అనలేదు. ఆ మాట నాకు సరిగ్గా వినబడింది రెండు రోజుల తర్వాత.

సాయంత్రం మా కాలేజీ బస్సెక్కాం. వెనక సీట్లో నేనొక్కణ్ణే, రాళ్ళ సంచుల మధ్య. సార్ ఫుట్‌బోర్డు మీద నిలబడి, మసక వెలుతురులో రిజిస్టరు కళ్ళకు దగ్గరగా పెట్టుకుని నంబర్లు పిలిచారు. పద్నాలుగు. వంగి, "ప్రెజెంట్ సార్" అన్నాను. పదిహేను. తలెత్తి నా గొంతుతో మళ్ళీ అన్నాను. బస్సు కదిలింది.

వాడి మార్కులు పోకూడదనే చేశానా? అలా అనుకోవడం బాగానే ఉంటుంది. నిజం చెప్పాలంటే ఆకలిగా ఉంది, తొందరగా గదికి చేరాలి, పైగా సార్‌ని బోల్తా కొట్టించడం ఒక సరదా. స్నేహం వీటన్నిటి తర్వాతే ఎక్కడో ఉంది.

వాడు అక్క దగ్గరికి పోలేదు. లోయలో కాలు జారి పడ్డాడు. ఎముక విరిగింది, చాలా రక్తం పోయింది. మర్నాడు మధ్యాహ్నం గొర్ల కాపరులు చూసేసరికి ప్రాణం లేదు. సోమవారం డిపార్ట్‌మెంట్ వరండాలో ఈ కబురు విన్నాను. ఆ తర్వాత విన్నది ఇంకా ఘోరం. వాడు దొరికింది లోయలో కాదు. పైన, మా బస్సు ఆగిన చోట. విరిగిన కాలితో అక్కడిదాకా పాకుతూ వచ్చాడు. నేను నోరు మూసుకుని ఉంటే సార్ బస్సు ఆపేవారు. ఒక్క గంట, పేరు పెట్టి అరుస్తూ వెతికేవాళ్ళం. వాడు పలికేవాడు. ఇంతే. ఇంత చిన్న సంగతి!

వాడి అక్క క్యాంపస్‌కు వచ్చింది. "గొర్లు కాసేటోడు గూడ పొద్దుగూకితె మంద లెక్క చూసుకుంటడు. మా తమ్మున్ని ఎట్ల ఇడిసిపెట్టి వచ్చినవ్ సారూ?" అని అడిగింది. సార్ తల దించుకుని, "పలికాడమ్మా, నేను విన్నాను," అన్నారు. ఎవరూ నమ్మలేదు. నేను ఆమె పక్కనే మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను.

వారం తర్వాత సార్ నన్ను తార్నాక ఇంటికి పిలిపించారు. గడ్డం గీసుకోలేదు. రిజిస్టరు ఆయన ఒళ్ళోనే ఉంది.

"నువ్వు వాడి స్నేహితుడివి. ఆ గొంతు ఎవరిదో నీకు తెలుసా బాబూ?"

"తెల్వదు సార్. నేను వినలే."

"మరి నేను విన్నదేమిటి? నాకు మతి పోయిందంటావా?"

"చీకటి పడ్డది సార్, అందరు లొల్లి చేస్తున్నరు. మీకు అట్ల అనిపించిందేమో."

ఆయన రిజిస్టరు మూసి పక్కన పెట్టారు. "అంతేనేమోలే," అన్నారు చివరికి.

బస్సులో చేసింది అలవాటు. ఇది మాత్రం తెలిసి చేశాను. ఒక మనిషికి తన చెవుల మీద తనకే నమ్మకం లేకుండా చేశాను. ఇరవై ఏళ్ళ కుర్రాడికి అంత తెలివి, అంత చల్లగా, ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇప్పటికీ తలచుకుంటే నాకు నేనే ఎవరో పరాయివాడిలా కనిపిస్తాను.

ఆయనది తాత్కాలిక ఉద్యోగం, పొడిగించలేదు. సామాను రిక్షాలోకి ఎక్కించడానికి నేనే వెళ్ళాను. ఆయన భార్య నా తల మీద చేయి పెట్టి, మీ సార్‌ని మరిచిపోని వాడివి నువ్వొక్కడివే నాయనా, అని దీవించింది. తర్వాత ఆయన ఏదో ఊళ్ళో బడిపంతులు అయ్యారని, నంబరు పిలిచాక ఆ పిల్లవాడు లేచి మొహం చూపిస్తే తప్ప ఇంకో నంబరు పిలిచేవారు కాదని విన్నాను. ఆయన పోయి చాలా కాలమైంది.

యాదగిరి అక్కకు ఎనభై దాటాయి. రైల్వేలో పనిచేసే మనవడి దగ్గర మెట్టుగూడలో ఉంటోంది. పోయిన నెల కనబడితే నా చేయి పట్టుకుని కూర్చుని, ఆ సారు మట్టిగొట్టుకపోవాలె అని మళ్ళీ తిట్టింది. నేను తలూపాను. అవును, పోయిన నెల కూడా తలూపాను! ఇంటికి వచ్చాక ఈ కాగితం తీసుకున్నాను.

సార్ సరిగ్గానే విన్నారు. పలికింది నేను. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతుల్లో లేదు. ఈ కాగితం ఆమెకు చదివి వినిపించే ధైర్యం నాకుందో లేదో తెలియదు. కింద పేరు కూడా రాయలేకపోతున్నాను, చూస్తున్నారుగా, అంతటివాణ్ణి. అయినా చెప్పేశాను. ఊపిరి ఆడుతోంది.