తోలు పుట్టిలో పడిన భక్ష్యాలు

నిజాం ఇలాకాలో కడుపుతో ఉన్న చెల్లెలు అమ్మ చేతి భక్ష్యాలు కావాలని కబురంపితే, నిన్న ఆదోని నుంచి బయలుదేరాము. తుంగభద్ర రేవులో, గుండ్రటి తోలు పడవ నడిపే పుట్టివాడు తోలు ఇంకా ఆరలేదన్నాడు. రాత్రంతా ఇసుకలోనే పడుకున్నాము. ఈ ఉదయం ఎక్కితే పుట్టి బొంగరంలా తిరిగింది. భక్ష్యాల మడి మూటను తోలు తగలకుండా నెత్తిన పట్టుకుని కూర్చున్న అమ్మ, తీరా అవతలి గట్టు చేరేసరికి తూలి, దాన్ని పుట్టిలో పడేసింది.

“తోలు తగిలిపాయె గదరా! ఇంగ బిడ్డకేం పెట్టేది?” అని ఏడ్చింది.

చేసేది లేక మూటను పుట్టివాడికే ఇచ్చేశాము. వాడు అక్కడే రెండు తిని, “బెల్లం రోంత తక్కువైందప్పా” అన్నాడు.

నిన్నటి నుంచి వాడి పుట్టికి వంకలు పెట్టాలని నేను కాచుకుని ఉంటే, వంక వాడే పెట్టాడు. మీకైతే ఒళ్లు మండదా?