జర పెద్దగైన గుండె

కామారెడ్డిలో డాక్టరు మా బాపుకు స్కానింగ్ చేసి, గుండె ‘స్లైట్లీ ఎన్‌లార్జ్‌డ్’ అన్నాడు. గోలీలు మానకుండా వేసుకుంటే చాలు, భయమేం లేదన్నాడు. ఇంట్లో ఇంగ్లిషు చదివినదాన్ని నేనే కాబట్టి బస్టాండులో బాపుకు విడమరిచి చెప్పాను.

“గుండె జర పెద్దగయ్యిందట బాపూ, గంతే.”

బాపు ముఖంలో నెత్తురుచుక్క లేదు. బస్సు ఎల్లారెడ్డి చేరేదాకా ఛాతీ మీది చెయ్యి తీయలేదు. నేనేం తప్పు మాట్లాడానో అర్థంకాక తల గోక్కున్నాను. పిట్లంలో ఉండే మేనత్తకు ఫోన్ చేసి అదే ముక్క చెప్పాను. సాయంత్రానికల్లా ఆవిడ ఏడుస్తూ దిగింది. చేతిసంచిలో స్నానం చేసి కట్టుకోవడానికి చీర కూడా ఉంది.

“జరనే అన్న కదా అత్తా, ఎందుకేడుస్తున్నవ్?”

“జర అంటే నాకు తెల్వదా బిడ్డా?”

అప్పుడు వెలిగింది. మా దిక్కు చావు కబురు ఎవరూ నేరుగా చెప్పరు. “జర పానం బాగలేదు, ఒకసారి వచ్చిపోండ్రి” అంటారు. విన్నవాళ్లు స్నానానికి బట్టలు సర్దుకునే బయలుదేరతారు.

బాపు గోలీలు ముట్టలేదు. “పోయేటోనికి గోలీలెందుకు?” అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

“స్లైట్లీ అంటే తక్కువ బాపూ. మస్తు తక్కువ.”

“మా అన్న పోయినప్పుడు గూడ నాకు గట్లనే చెప్పిన్రు.”

ఎంత తగ్గించి చెబితే అంత బెదిరిపోతున్నాడు. ఇదెక్కడి లెక్కో నాకు అంతుపట్టలేదు. మర్నాడూ అదే వరస. నా తల ప్రాణం తోకకొచ్చింది. ఒళ్లు మండి అనేశాను.

“సరే, మస్తు పెద్దగయ్యింది. గోలీలు ఏసుకోకుంటే నిజంగనే పోతవు. ఇగ నీ ఇష్టం.”

బాపు లేచి కూర్చున్నాడు.

“గదేదో ముందుగాల చెప్పొద్దా? ముఖం మీదనే చెప్తున్నవంటే ఇంక టైమున్నట్టే.”

గోలీలు మింగి, జొన్నరొట్టె అడిగాడు. అత్త కళ్లు తుడుచుకుని పొయ్యి దగ్గరికి నడిచింది. నాకు ఎంతో సంతోషమైంది కానీ, పిండి తడుపుతుంటే ఒక సంగతి తట్టి చేతులు ఆగిపోయాయి. ఆ డాక్టరు ‘స్లైట్లీ’ అని ఇంగ్లిషులో చెప్పాడు గానీ, ఆయనా మా దిక్కు మనిషే.