నైరుతి మూలలో నా బాత్రూం

కొలువులో కొత్తగా చేరిన ఆ రోజుల్లో మనిషికి ఒక ధైర్యం ఉంటుంది. ఎక్కడి నుంచి వస్తుందో తెలియదు, ఎప్పుడు పోతుందో అసలే తెలియదు. భూపాలపల్లి కొత్తగా జిల్లా అయినప్పుడు అక్కడి సర్కారు దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరిన నాకు ఆ ధైర్యం కాస్త ఎక్కువే ఉండేది. తరిగొప్పులలో మా బాపుకి మాత్రం నా కొలువు మాటెత్తితే చాలు, ముఖం మాడిపోయేది. "ఊరోళ్ల ఉచ్చ, పెంట సూసే కొలువుకు నా బిడ్డను గంత దూరం పంపాల్నా? అండ్ల ఒక్కతే కిరాయింట్ల!" అని వాకిలంతా తిరిగేవాడు. (ఆయన మాటలో అబద్ధమేమీ లేదు. పొద్దస్తమానం చిన్న చిన్న డబ్బాల్లో నేను చూసేది అదే.) నేనూ తగ్గలేదు, అలిగి అన్నం మానేశాను. (అమ్మ చాటుగా అటుకులు పెట్టింది, అది వేరే సంగతి.) చివరికి ఆయనే దిగివచ్చాడు. "పో. ఒకనాడు వచ్చి సూస్త. ఆడ నువ్వు మంచిగ లేవనుకో, ఉన్నపళంగ తోల్కస్త. మల్ల కొలువు పేరెత్తద్దు" అన్నాడు. సరేనన్నాను.

నేను దిగిన ఇంటి ఓనరుకి మేం కిరాయిదార్లం పెట్టుకున్న పేరు వాస్తు పటేల్. మేకు కొట్టాలన్నా దిక్కు చూసేవాడు. ఆయన, ఆయన భార్య మొదటి అంతస్తులో ఉండేవారు. రెండో అంతస్తులో బొగ్గుబాయిలో, అంటే గనిలో, పనిచేసే ఒకన్న కుటుంబం. కింద నైరుతి మూల రెండు గదులూ నావి. ఆ స్థలం పల్లమంతా నా గదుల వైపే. బుద్ధున్నవాడెవడైనా సెప్టిక్ ట్యాంకు పల్లంలో కట్టిస్తాడు. కానీ నైరుతిలో గుంత ఉంటే ఇంటి యజమానికి గండమని ఎవరో సిద్ధాంతి చెప్పాడట. అందుకని ట్యాంకు తీసుకుపోయి వాయవ్యంలో, మెరక మీద కట్టించాడు. ఇంటిల్లిపాది వాడిన నీళ్లు నా బాత్రూం కింద నుంచి ఎగువకి ఎక్కిపోవాలి. నీళ్లకి వాస్తు తెలియదు కదా, అవి ఎక్కడానికి ఇష్టపడేవి కావు. వానాకాలం వచ్చిందంటే మూలన నీళ్లు పోయే జాలీలో గుడగుడమని చప్పుడు. చెప్పినప్పుడల్లా పటేల్ నవ్వి "గాలమ్మా, గాలి" అనేవాడు.

ఒక ఆదివారం పొద్దున బాపు ఫోన్ చేశాడు. "హన్మకొండల బస్సెక్కిన. వస్తున్న." గబగబా ఇల్లు ఊడ్చి, పక్క మీద దుప్పటి మార్చి, పప్పు పొయ్యి మీద పెట్టానో లేదో బాత్రూంలో ఆ గాలి కాస్తా నల్లగా పైకి వచ్చింది. ఆదివారం కదా, పైన అందరికీ తలస్నానాలు, బట్టల మిషన్లు. వారమంతా డబ్బాల్లో పేరూ నంబరూ రాసుకుని వచ్చే సరుకు, ఆ రోజు ఏ చీటీ లేకుండా గడప దాటి గదిలోకి నడిచి వస్తోంది. నేను కూర్చుని ఏడ్చాను. బాపు బస్సు పరకాల దాటి ఉంటుందని గుర్తొచ్చి లేచాను.

మొదట గదిలో కరెంటు బంద్ చేశాను, ఫ్రిజ్ తీగ నేల మీదే ఉంది మరి. కింద పెట్టిన బియ్యం సంచి తడిసింది, పారేయడానికి బయట పెట్టాను. (బాపు పండించిన బియ్యం, మనసొప్పక రెండోసారి ఏడ్చాను.) కిటికీలు తెరిచి, మాస్కు పెట్టుకుని, చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని పైకి పరుగెత్తాను. "ఆంటీ, నీళ్లు వాడకుండ్రి, మీరు పోసినయన్నీ నా ఇంట్లకొస్తున్నయి!" అని అరిచాను. "అయిపాయె బిడ్డా, ఇంకో ట్రిప్పు బట్టలే" అంది పటేల్ భార్య తాపీగా. అప్పుడు నాకు తిక్కరేగింది. డాబా ఎక్కి, నీళ్ల ట్యాంకు నుంచి కిందికి వచ్చే వాల్వు బిగించి, డాబా తలుపుకి నా సూట్‌కేసు తాళం తెచ్చి వేసి, కిందికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

ముందుగా దిగింది బొగ్గుబాయి అన్న. నైట్ షిఫ్టు నుంచి వచ్చి స్నానం చేస్తున్నవాడు, తుండు చుట్టుకుని, తల నిండా నురుగుతో, ఒక కన్ను మూసుకుని ఊగిపోతూ వచ్చాడు. "ఎవడాడు నీళ్లు బంద్ జేసింది?" "నేనేనన్నా. ముందుగాల లోపలికి తొంగిచూసి, అటెన్క తిట్టు." చూశాడు. నా గది నడిమధ్యలో గులాబీ రంగు నురుగు తేలుతోంది. తల తడుముకున్నాడు. "గిది నాదే గదనే!" అన్నాడు పాపం, నీరసంగా. పైకి వెళ్లి, తాను బాయిలోకి వేసుకునే పొడుగు బూట్లు తెచ్చి నా ముందు పెట్టాడు. "వట్టి కాళ్లతోని తిరుగకు చెల్లే." అవి నాకు తొడల దాకా వచ్చాయి. నడిస్తే లోపల నా కాళ్లు ఒకవైపు, బూట్లు ఒకవైపు పోయేవి.

ఆంటీ దిగింది. "మా ఇంట్ల మాకే నీళ్లు బంద్ జేస్తవా?" "మీ నీళ్లు మీ ఇంట్లున్నన్ని రోజులు నేనేమన్న అన్ననా ఆంటీ?" ఆవిడ కోపం మీదే సాయం కూడా చేయబోయింది. నేను మూలన చల్లిన బ్లీచింగ్ పౌడర్ మీద ఆవిడ యాసిడ్ సీసా వంచబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. "రెండూ కలిస్తే లేచే గాలికి మనిద్దరం దవాఖానల పడతం!" ఇంతలో పటేల్ వచ్చాడు. "అడ్డా మీద ఎవడన్న కూలోడు దొరుకుతడు. ట్యాంకుల దింపి తీపిస్త. తాళం తియ్యి." నేను బూట్లు ఈడ్చుకుంటూ వెళ్లి సెప్టిక్ ట్యాంకు మూత మీద నిలబడ్డాను. "మనిషి దిగుడు లేదంకుల్. లోపలి గాలి పీలిస్తే పైకి రాడు. బండిని పిలువుండ్రి, పైపుతోని గుంజుతది. ఇంకోటి, ఈ లైను పల్లానికి మార్చాలె. మారుస్తనని ఒప్పుకునేదాంక నీళ్లు లేవు." "పల్లంల గుంతనా? నైరుతిలనా? నేను సావాల్నా?"

అంతవరకూ నాకూ తట్టలేదు, ఆయన ముఖం చూశాకే తట్టింది. "అంకుల్, నా బాత్రూం ఏ మూలకున్నది?" "నైరుతి." "అండ్ల ఇప్పుడేమున్నది?" ఆయన తొంగిచూశాడు. చీలమండ లోతు. "గిది గుంత గాక మరేంది? మీరు వాయవ్యంల కట్టిన గుంత నడుసుకుంట వచ్చి నైరుతిల కూసున్నది. ఫోన్ చేసి అడుగుండ్రి మీ సిద్ధాంతిని." పటేల్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఫోన్ పట్టుకుని గోడ వారకు పోయి చాలాసేపు గుసగుసలాడాడు. ఆ పూటకి శాస్త్రంలో పల్లం వైపు దక్షిణం నడుమ గుంత కూడా శుభమైందట. బండికి ఫోన్ చేశాడు, లైను మార్పిస్తానన్నాడు. కానీ ఆడపిల్ల చేతిలో ఓడిపోయిన ఉక్రోషం ఎటు పోతుంది?

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర చేతిసంచితో బాపు. మాస్కు, నెత్తికి చున్నీ, తొడల దాకా బూట్లు వేసుకున్న నన్నే అడిగాడు: "ఏమ్మా, మున్సిపాలిటోళ్లా? ఈడ దవాఖానల పనిజేసే పిల్ల ఏ ఇంట్లుంటది?" మాస్కు తీశాను. ఆయన నన్ను చూశాడు, వెనక నా గదిని చూశాడు, బయట కుప్పపోసిన బియ్యాన్ని చూశాడు. అయిపోయింది, ఇక బట్టలు సర్దుకోవడమేననుకున్నాను. దానికి తోడు పటేల్ ఎదురెళ్లాడు. "మీ బిడ్డనా? మంచిగ దొరికినవ్. ఇసొంటి పిల్లతోని మేం ఏగలేం. ఇప్పుడే తోల్కపో."

బాపు సంచి కింద పెట్టాడు. "తోల్కపోదామనే వచ్చిన" అన్నాడు. "గని నా బిడ్డను నేను తోల్కపోవుడు ఒక ముచ్చట. నువ్వు తోల్కపొమ్మనుడు ఇంకో ముచ్చట. పిల్ల యాడికీ రాదు. నీ బండి ఎప్పుడొస్తదో చెప్పు." అని తువాలు దులిపి నా పక్కనే మెట్ల మీద కూర్చున్నాడు. మొండితనం నా సొంత సంపాదన అనుకుని గర్వపడుతున్న నాకు, అది ఎవరి ఆస్తో ఆ క్షణంలో తెలిసింది. బండి వచ్చి ట్యాంకు ఖాళీ చేశాక, నేను డాబా తాళం తీసి, గది కడిగి, బ్లీచింగ్ వేసి, మోచేతుల దాకా సబ్బు పెట్టి కడుక్కున్నాకే బాపు నన్ను వంటింటి గడప తొక్కనిచ్చాడు. పప్పు మాడిపోయింది. అయినా గిన్నె ఊడ్చి తిన్నాడు.

సాయంత్రం బస్టాండులో నేను ఉండబట్టలేక అడిగాను, "బాపూ, మరి నేను మంచిగున్నట్టా, లేనట్టా?" బస్సు కిటికీ లోంచి ఎటో చూస్తూ "పండుగకు రా. ఉండెతందుకు గాదు, సూసిపోయెతందుకు" అన్నాడు. బస్సు కదిలాక ఆ రోజు మూడోసారి ఏడ్చాను, ఈసారి హాయిగా.

ఇప్పుడు నేను హన్మకొండలో ఒక అపార్ట్‌మెంట్‌లో, సొంత ఫ్లాటులో ఉంటున్నాను. పై ఫ్లాటు నీళ్లు మా గోడ మీదికి కారుతున్నాయి. వాట్సాప్ గ్రూపులో వినయంగా దండం బొమ్మ పెట్టి ఊరుకుంటున్నాను. పెద్దరికమట! తొడల దాకా బూట్లేసుకున్న అలాంటి పిల్ల ఎవరైనా మా బిల్డింగుకి కిరాయికి వస్తే బాగుండునని నా ఆశ. డాబా తలుపుకి తాళం వేసే ధైర్యం నాకు మళ్లీ వస్తుందో రాదో గానీ, ఆమె వేస్తే మాత్రం మెట్ల మీద పక్కన కూర్చుంటాను.